కలుపు మొక్కల మాస్టారు: జార్జ్ వాషింగ్టన్ కార్వర్

పిల్లలూ, జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. వేరుశనగతో వందల రకాల వస్తువులు చేసి చూపిన అమెరికా నల్లజాతి శాస్త్రవేత్త అని జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఒక్క వాక్యం ఉంటుంది. కొన్ని పుస్తకాలు పీనట్ బటర్‌ను కనిపెట్టింది కూడా ఆయనే అని రాస్తాయి. అది నిజం కాదు, క్విజ్‌లో ఎవరైనా అడిగితే ధైర్యంగా కాదని చెప్పండి. ఈ వ్యాసంలో వేరుశనగ కాస్తే కనిపిస్తుంది. ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా మొలిచే ఆకుకూరల కోసం, చెట్ల ఆకుల మీద పట్టే బూజుల కోసం తెల్లవారకముందే లేచి అడవికి వెళ్లే కార్వర్ గురించి చెబుతాను. నాకు ఎక్కువ ఇష్టమైన కార్వర్ ఆయనే.

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో డైమండ్ అనే పల్లె దగ్గర మోజెస్ కార్వర్, సూసన్ కార్వర్ అనే దంపతులకు పొలం ఉండేది. 1855లో మోజెస్ 700 డాలర్లు ఇచ్చి మేరీ అనే పదమూడేళ్ల అమ్మాయిని కొన్నాడు. కొన్నాడు అనే మాట సరిగ్గానే చదివారు. బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న రోజులవి, మనిషిని కొన్నందుకు రసీదు కూడా రాసుకునేవారు. ఆ మేరీ కొడుకే జార్జ్. బానిసల పుట్టిన తేదీలు ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి 1864 ప్రాంతంలో పుట్టాడని మాత్రమే చెప్పగలం. పసిబిడ్డగా ఉండగానే ఒక దోపిడీ ముఠా తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయింది. మోజెస్ ఒక మనిషిని పంపి వెతికించాడు. బిడ్డ దొరికాడు, తెచ్చినవాడికి బహుమానంగా ఒక గుర్రాన్ని ఇచ్చారు. మేరీ మాత్రం ఇక ఎప్పటికీ దొరకలేదు.

అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది. జార్జ్, అతని అన్న జిమ్ ఆ ఇంట్లోనే పెరిగారు. జిమ్ గట్టివాడు, పొలం పనికి వెళ్లేవాడు. జార్జ్‌కు చిన్నప్పుడే కోరింత దగ్గు వచ్చి ఊపిరితిత్తులు, గొంతు దెబ్బతిన్నాయి. బక్క పిల్లవాడు. అందుకని సూసన్ దగ్గర వంట, ఉతుకు, కుట్టుపని నేర్చుకున్నాడు. ఆ మూడు పనులూ తరవాత అతన్ని చదివించాయి. ఇంటి పని అయిపోగానే అడవిలోకి పరుగు. మొక్కలు, రాళ్లు, పురుగులు జేబుల నిండా తెచ్చేవాడు. పూల మొక్కలు పెంచడం వృథా పని అనుకునే చోట, పొదల చాటున ఎవరికీ కనబడకుండా చిన్న తోట పెట్టుకున్నాడు. చుట్టుపక్కల వాళ్లు వాడిపోతున్న మొక్కలు తెచ్చి ఇచ్చేవారు, అవి అతని చేతిలో కోలుకునేవి. వాళ్లు అతనికి మొక్కల డాక్టరని పేరు పెట్టారు. అప్పటికి అతనికి చదవడం సరిగ్గా రాదు.

దగ్గర్లో బడి ఉంది కానీ నల్ల పిల్లలను రానివ్వరు. సుమారు 8 మైళ్ల దూరంలో నియోషో అనే ఊళ్లో నల్ల పిల్లల బడి ఉందని తెలిసి, పదకొండేళ్ల వయసులో ఒంటరిగా అక్కడికి వెళ్లాడు. మరియా వాట్కిన్స్ అనే ఆమె, ఆమె భర్త ఆండ్రూ అతన్ని తమ ఇంట్లో పెట్టుకున్నారు. వాళ్ల ఇంటి పక్కనే బడి. మరియా మంత్రసాని, బట్టలుతికి బతికేది, మందు మొక్కలు బాగా తెలిసినది. ఏ ఆకు దేనికి పనికొస్తుందో, ఏది ముట్టకూడదో పిల్లవాడు ఆమె దగ్గర విన్నాడు. అప్పటిదాకా తన పేరు కార్వర్ గారి జార్జ్ అని చెప్పుకునేవాడు, అంటే ఎవరి మనిషో చెప్పే పేరు. ఇక నుంచి జార్జ్ కార్వర్ అని చెప్పుకోమని నేర్పింది మరియానే. ఈ చిన్న సవరణను చదివినప్పుడల్లా నేను కొంచెంసేపు ఆగిపోతాను.

ఆ తరవాత పన్నెండేళ్లకు పైగా అతనిది ఒకటే తిరుగుడు. ఈ పత్రిక చదివే మీకు ఊళ్లు మారడమంటే ఏమిటో తెలుసు. టీసీ తీసుకోవడం, కొత్త క్లాసులో చివరి బెంచీ, పేరు సరిగ్గా పలకని కొత్త స్నేహితులు. కానీ మనకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తుంది, సామాను లారీ వస్తుంది, అటువైపు క్వార్టరో అద్దె ఇల్లో ఉంటుంది. అతనికి ఆర్డరూ లేదు, క్వార్టరూ లేదు. కాన్సస్ రాష్ట్రంలో ఫోర్ట్ స్కాట్ అనే ఊరు వెళ్లాడు. 1879లో అక్కడ ఒక నల్లవాణ్ణి జనం గుంపు చంపడం కళ్లారా చూసి, వెంటనే ఊరు వదిలేశాడు. ఓలేత్, మినియాపోలిస్ (ఇది కాన్సస్‌లోని చిన్న మినియాపోలిస్) అంటూ సాగాడు. ఎక్కడికి వెళ్లినా వంట చేసి, బట్టలుతికి, దొరికినంత బడి చదివాడు. 1885లో హైలాండ్ అనే కాలేజీ ఉత్తరంలోనే సీటు ఇచ్చింది. తీరా వెళ్లాక, నల్లవాడని చూసి గుమ్మంలోంచే తిప్పి పంపింది.

అప్పుడు అతను కాన్సస్ పడమటి మైదానాల్లో, నెస్ కౌంటీలో, ప్రభుత్వం ఇచ్చే 160 ఎకరాల బీడు భూమికి దరఖాస్తు పెట్టుకున్నాడు. అక్కడ చెట్లు లేవు, కలప లేదు. గడ్డి వేళ్లతో సహా మట్టిని ఇటుకల్లా కోసి, వాటిని పేర్చి ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లోనూ మొక్కలే. రెండేళ్లకు అక్కడి నుంచీ కదిలి అయోవా రాష్ట్రం చేరాడు.

1890లో ఇండియానోలా ఊళ్లో సింప్సన్ కాలేజీ అతన్ని చేర్చుకుంది. బొమ్మలు వేయడం నేర్చుకోవాలని వెళ్లాడు. బట్టలుతికి ఫీజు కట్టుకున్నాడు. చిత్రకళ నేర్పిన ఎట్టా బడ్ అతని బొమ్మల్లో పూలూ మొక్కలూ ఎంత కచ్చితంగా ఉన్నాయో గమనించింది. ఆమె తండ్రి ఏమ్స్ వ్యవసాయ కళాశాలలో ఆచార్యుడు. ఆమె సలహా మీద 1891లో అక్కడ వృక్షశాస్త్రంలో చేరాడు. ఆ కళాశాలలో మొదటి నల్లజాతి విద్యార్థి అతనే. మొదట్లో విద్యార్థుల భోజనశాలలో కూర్చోనివ్వలేదు, కింది అంతస్తులో కూలీలతో తినమన్నారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో అతని మొక్కల చిత్రానికి ప్రశంస దక్కింది. 1894లో డిగ్రీ, 1896లో ఎం.ఎస్. పూర్తయ్యాయి.

ఏమ్స్‌లో కార్వర్ నిజమైన చదువు శిలీంధ్రాలది. లూయీ పామెల్ అనే ఆచార్యుడి దగ్గర వాటిని నేర్చుకున్నాడు. శిలీంధ్రాలంటే ఫంగస్ జాతి. వానలు పడ్డాక పుట్ట మీద గొడుగు విప్పుకునే పుట్టగొడుగు, రొట్టె మీద బూజు, గులాబీ ఆకు మీద నల్ల మచ్చ, ఇవన్నీ ఒకే పెద్ద కుటుంబంలోవి. పుట్టగొడుగు మొక్క కాదు. దానికి ఆకుపచ్చదనం లేదు, తన తిండి తాను వండుకోలేదు. నేలలోనో కుళ్లిన కట్టెలోనో దారాల్లా పాకి ఉన్న అసలు శరీరానికి అది కాయలాంటిది మాత్రమే. కార్వర్ ఎక్కువగా వెతికింది కూర వండుకునే గొడుగులను కాదు, ఆకుల మీద మచ్చలుగా, పొడిగా, ముడతలుగా కనిపించే సూక్ష్మ శిలీంధ్రాలను. మిగతావాళ్లు నడిచిపోయే చోట అతను ఆగి ఆకు తిప్పి చూసేవాడు. ఆ వెతుకులాటలకు ఒక ఆచార్యుడి కొడుకు, ఆరేడేళ్ల బుడతడు, వెంట వచ్చేవాడు. పేరు హెన్రీ వాలేస్. తరవాత అమెరికా వ్యవసాయ మంత్రీ, ఆపైన ఉపాధ్యక్షుడూ అయ్యాడు.

1896లో బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు మీద కార్వర్ అలబామా రాష్ట్రంలోని టస్కీగీ విద్యాసంస్థకు వెళ్లాడు. ఏడాదికి 1,000 డాలర్ల జీతం. ఇకనుంచి ఆయన అనే అందాం, మాస్టారు అయ్యారు కదా. అంత తిరిగిన మనిషి ఇక కదలలేదు, 46 ఏళ్లకు పైగా అక్కడే. వచ్చీ రాగానే తన నమూనాల కోసం అదనపు గది అడిగి తోటి ఉపాధ్యాయుల కోపం తెచ్చుకున్నారు. ప్రయోగశాలకు డబ్బు లేకపోతే పిల్లలను వెంటబెట్టుకుని చెత్తకుప్పల్లో సీసాలు, మూతలు, తీగలు ఏరి సామగ్రి తయారు చేసుకున్నారు.

ఆ చుట్టుపక్కల ఎటు చూసినా పత్తి. కౌలు రైతుల్లో ఎక్కువమంది నిన్నటి బానిసలు, వాళ్ల పిల్లలు. గుమ్మం దాకా పత్తే వేయాలి, పంట అమ్మగా వచ్చింది భూస్వామి అప్పుకే సరిపోదు. కూరగాయల పాదు వేసుకునే చోటు లేదు. తిండి అంటే మొక్కజొన్న పిండి, ఉప్పు కొవ్వు మాంసం, చెరకు పాకం. ఏడాది పొడుగునా ఇవే తింటే ఏమవుతుందో ఆ ప్రాంతం చూసింది. పెలాగ్రా అనే జబ్బు ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలను పీడించింది. చర్మం పగిలి, కడుపు చెడి, చివరికి మతి చెదిరే జబ్బు. అంటురోగమని చాలామంది అనుకున్నారు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు అది తిండి లోపమని నిరూపించాడు. మీ సైన్స్ పుస్తకంలో నియాసిన్, అంటే విటమిన్ బి3 అని ఉంటుందే, దాని కొరత.

కార్వర్ పోరాటం ఆ పళ్లెంతో. పత్తితో అలసిన నేలకు అలసందలు, వేరుశనగ వేయమన్నారు. వాటి వేళ్లు నేలకు నత్రజనిని ఇస్తాయి, గింజలు మనిషికి మాంసకృత్తులు ఇస్తాయి. వేరుశనగలో ఆ నియాసిన్ కూడా బాగానే ఉంటుంది. చిలగడదుంప పెట్టమన్నారు. 1906 నుంచి జెసప్ బండి అనే గుర్రపు బండి పనిముట్లు, విత్తనాలు వేసుకుని ఊరూరా తిరిగి రైతులకు పాఠాలు చెప్పింది. దాన్ని రూపొందించింది ఆయనే. కానీ వేయడానికి అంగుళం నేల లేని కుటుంబం ఏం చేయాలి? దానికి ఆయన జవాబు కంచె వెంట, కాలువ గట్టున, పాడుబడ్డ పొలంలో ఉంది. చలికాలం చివరికి ఇంట్లో దాచినవి అయిపోతాయి, తోట ఇంకా కాపుకు రాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే వసంతపు కలుపు మొక్కలు లేత ఆకులు వేస్తాయి. వాటికి కౌలు లేదు, అప్పు లేదు. టస్కీగీలో ఆయన రాసిన మొట్టమొదటి చిన్న పుస్తకం కూడా (1898) ఎవరూ నాటని పంట గురించే, అడవిలో రాలే ఓక్ కాయలను పశువులకు మేపడం గురించి.

రోజూ తెల్లవారుజామున నాలుగింటికల్లా లేచి, భుజానికి రేకు పెట్టె తగిలించుకుని అడవికి వెళ్లేవారు. పాత కోటు, దాని గుండీ రంధ్రంలో మాత్రం తాజా పువ్వు. తిరిగివచ్చేటప్పటికి పెట్టెలో మచ్చలున్న ఆకులు, రాళ్లు, వండుకోవడానికి అడవి కూరలు ఉండేవి. డాండిలియన్, చికరీ, డాక్ ఆకులు, లాంబ్స్ క్వార్టర్. ఈ చివరిది మీకు తెలిసినదే. ఉత్తరాదిన చదువుకున్న పిల్లలు బతువా పరాఠా తిని ఉంటారు కదా, అదే మొక్క. తెలుగువాళ్లలో కొందరు చక్రవర్తికూర అంటారు. మన పొలాల్లోనూ ఇలాంటి కూరలకు కొదవ లేదు: గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మికూర, గునుగు. జహీరాబాద్ వైపు మెట్ట పొలాల్లో ఆడవాళ్లకు ఇలాంటి కూరల పేర్లు పదుల్లో వస్తాయి.

పోక్ అనే మొక్కను చూస్తే ఈ విద్య ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. అమెరికా దక్షిణాదిన పేదల వసంతకాలపు కూర అది. కానీ దాని వేరు విషం, గింజలు విషం, ఎదిగిన ఆకూ కాడా విషం. లేత మొలకలనే కోసి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికిస్తే తినవచ్చు. ఒకే మొక్క మార్చిలో కూర, జూన్‌లో విషం. ఈ తేడా మరియా లాంటి వాళ్లకు తరతరాలుగా తెలుసు. కార్వర్ దాన్ని శాస్త్రీయ నామంతో, బొమ్మతో, వండే పద్ధతితో కాగితం మీద పెట్టేవారు. ఊరి పేరు ఊరు దాటితే మారిపోతుంది, లాటిన్ పేరు మారదు. మార్కుల కోసం బట్టీ పడుతున్నామని మీరు విసుక్కునే ఆ రెండు పదాల పేరు ఒక్కోసారి ప్రాణం నిలిపేది అందుకే.

పుట్టగొడుగుల దగ్గర ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. ఉద్యోగరీత్యా నేను ఉన్న చోట్ల రకరకాలవి చూశాను. జార్ఖండ్‌లో వానలు పడగానే సాల్ చెట్ల కింద నేల తవ్వి తీసే రుగడా, సంతలో కుప్పలు పోసే ఖుఖ్డీ. హిమాచల్‌లో మంచు కరిగాక అడవిలో దొరికే గుచ్ఛీ, దాని ధర వింటే నెల జీతం గుర్తొస్తుంది. మన వైపు పుట్టగొడుగు అనే పేరులోనే పుట్ట ఉంది, చెదపురుగులు తమ పుట్టలో పెంచే శిలీంధ్రమే వాన పడ్డాక పైకి గొడుగై వస్తుంది. వీటిని ఏరేవాళ్లు ఆ అడవిలోనే పుట్టి, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నేర్చుకున్నవాళ్లు. మనం రెండేళ్లకు వచ్చిపోయే వాళ్లం. ఒకచోట తిన్నదానిలాగే ఉన్నది ఇంకోచోట వేరే జాతి కావచ్చు. వెండి చెంచా నల్లబడితే విషమని, పురుగు కొరికితే మంచిదని, రంగు తెలుపైతే భయం లేదని చెప్పే పరీక్షలన్నీ తప్పు. డెత్ క్యాప్ అనే గొడుగు తింటే మొదటి కొన్ని గంటలు ఏమీ తెలియదు, వాంతులు మొదలయ్యేసరికి విషం కాలేయం దాకా వెళ్లిపోయి ఉంటుంది. స్కూలు మైదానంలోనో కాలనీ పార్కులోనో మొలిచిన వాటిని చూడండి, బొమ్మ వేయండి, ఫొటో తీయండి. నోట్లో మాత్రం పెట్టకండి. తెలియని ఆకుకూరకూ ఇదే వర్తిస్తుంది.

కార్వర్ ఏరిన శిలీంధ్రాలు ఎండి, కాగితం పొట్లాల్లో చేరి, పెద్ద నిపుణులకు పోస్టులో వెళ్లేవి. 1902లో ఎల్లిస్, ఎవర్‌హార్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆయన పంపిన వాటిలోంచి అలబామాకు చెందిన కొత్త జాతులను ప్రకటించారు. 1935లో అమెరికా వ్యవసాయ శాఖ ఆయన్ను మొక్కల తెగుళ్ల సర్వేలో సహకారిగా నియమించింది. మేపుల్ చెట్టు ఆకు మీద ఆయన పట్టుకున్న ఒక బూజు పేరు టాఫ్రినా కార్వెరి. ఇంకో రెండు శిలీంధ్రాలకూ ఆయన పేరుంది. ఇంటిపేరు ఎవరి సొత్తో తెలిపే గుర్తుగా మొదలైన మనిషి పేరు చివరికి లాటిన్ పుస్తకాల్లోకి వెళ్లింది.

వేరుశనగ వల్ల వచ్చిన కీర్తి సంగతి త్వరగా చెప్పేస్తాను. 1921లో అమెరికా పార్లమెంటు సంఘం ముందు వేరుశనగ గురించి మాట్లాడటానికి పది నిమిషాలు ఇచ్చారు. వింటున్న కొద్దీ సమయం పొడిగిస్తూ పోయారు. ఆ తరవాత పత్రికలన్నీ ఆయన వెంటపడ్డాయి. 1929లో గాంధీజీ స్నేహితుడు సి.ఎఫ్. ఆండ్రూస్ టస్కీగీ వెళ్లారు, తిండి గురించి కార్వర్ రాసినవి గాంధీజీకి చేరాయి. కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ స్నేహితుడయ్యాడు. ఆ కోటీశ్వరుడి చేత కలుపు ఆకులు పెట్టిన శాండ్‌విచ్ తినిపించారు కార్వర్.

రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగింది. జనం పెరట్లో కూరగాయలు పెంచుకోవాలని ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది.  1942లో, సుమారు 78 ఏళ్ల వయసులో, కార్వర్ ఒక చిన్న పుస్తకం వేశారు. యుద్ధంలో విజయానికీ ఆ తరవాతి శాంతికీ ప్రకృతి తోట అన్నది దాని పేరుకు అర్థం. అడవి కూరల పేర్లు, బొమ్మలు, ఏది పచ్చిగా తినాలో ఏది ఉడికించాలో అందులో ఉన్నాయి. నలభై ఏళ్లకు పైగా పత్తి చేల గట్ల మీద చెప్పిన పాఠమే అది. అప్పటికి ఆరోగ్యం బాగా దెబ్బతింది. కూడబెట్టిన డబ్బును పరిశోధన కోసం తన పేరిట పెట్టిన సంస్థకు ఇచ్చేశారు. 1943 జనవరి 5న టస్కీగీలోనే కన్నుమూశారు. ఆ ఏడాది జులైలో డైమండ్ దగ్గరి పొలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఒక నల్లజాతి అమెరికన్ కోసం ఏర్పాటైన మొదటి జాతీయ స్మారకం అది. ఆయన చిన్నప్పుడు తిరిగిన అడవి, వాగు అందులోనే ఉన్నాయి.

టస్కీగీలో ఆయన గదిలో రాళ్లు, ఎండిన ఆకుల పొట్లాలు, కుండీలు, అల్లిక సూదుల మధ్య ఒక పాత రాట్నం ఉండేది. మేరీ వాడిన రాట్నం అది. ఇన్ని ఊళ్లు తిరిగిన కొడుకు దగ్గర తల్లి గుర్తుగా అది మిగిలింది.